హనుమకొండ దాటి అడవి జిల్లాల వైపు వెళ్లే ముందు: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

రామప్ప, లక్నవరం, మేడారం, బొగత, కాళేశ్వరం, పాకాల, కుంటాల, కవ్వాల్ వైపు సొంత బండి మీదో, ఆర్టీసీ బస్సులోనో వెళ్లేవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఈ ప్రాంతంలో ప్రమాదాలు చాలావరకు ఊరివాళ్లకు ముందే తెలిసిన చోటే జరుగుతాయి. బయటి నుంచి వచ్చినవాళ్లు అడగరు, లేదా అడగకూడని తీరులో అడుగుతారు.

ఫోన్‌లో మ్యాప్ ఉంది, వాతావరణం యాప్ ఉంది. ఇంకా ఊరివాళ్లను అడగడం ఎందుకు?

మ్యాప్ రోడ్డును చూపిస్తుంది. ఆ రోడ్డు మీద ఇప్పుడు నీళ్లు పారుతున్నాయా లేదా అన్నది దానికి చాలాసార్లు తెలియదు. హనుమకొండ నుంచి ములుగు పోయే 163వ జాతీయ రహదారినే తీసుకోండి. రోడ్డు బాగుంటుంది, మ్యాప్‌లో నీలం గీత నేరుగా కనిపిస్తుంది. గట్టి వాన పడి ఆత్మకూరు మండలం కటాక్షాపూర్ చెరువు నిండి మత్తడి పోస్తే (అలుగు పారితే) మాత్రం ఆ నీళ్లు రోడ్డు మీదికే వస్తాయి, రాకపోకలు ఆగిపోతాయి. ఈ సంగతి ఆ దారిన తిరిగే ప్రతి డ్రైవర్‌కూ తెలుసు.

మ్యాప్‌తో ఇంకో చిక్కుంది. దగ్గర దారి కనిపిస్తే అది లోలెవల్ వంతెన మీద నుంచి పోతోందా, అడవిలో మట్టి బాట మీద పోతోందా అని చూడకుండా అటే మళ్లిస్తుంది. తాడ్వాయి అడవిలో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి, దారి తప్పిన తర్వాత ఆ మ్యాప్ కూడా అక్కరకు రాకపోవచ్చు. బయలుదేరే ముందే ఆ జిల్లాల మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌లో దాచుకోండి.

ఎవరిని అడిగితే సరైన మాట దొరుకుతుంది?

ఆ దారిన ఈరోజు వెళ్లి వచ్చినవాళ్లను అడగండి. పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్లోనే ఉన్నా, వారం రోజులుగా ఇల్లు కదలని పెద్దమనిషి చెప్పే మాట వారం పాతది.

అందరికన్నా ముందు ఆర్టీసీ కండక్టర్, డ్రైవర్. వాళ్లలోనూ నైట్ హాల్ట్ బస్సు వాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఆ బస్సు రాత్రి పల్లెలోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరుతుంది కాబట్టి, రాత్రి పడిన వాన దారిని ఏం చేసిందో మొదట చూసేది వాళ్లే. హనుమకొండ బస్టాండ్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర కన్నా, ఏటూరునాగారం నుంచి అప్పుడే వచ్చి ఆగిన బస్సు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే ఎక్కువ తెలుస్తుంది. పల్లె వెలుగు బస్సు ఎక్కడి నుంచి వెనక్కి తిరిగిందో మీరూ అక్కడి నుంచే తిరగాలి.

పాల వ్యాన్ డ్రైవర్లు, కిరాణం సామాను వేసే ట్రాలీ ఆటోల వాళ్లు రోజూ ఊరూరు తిరుగుతారు. నీటి లోతు, సుడులు, అడుగున బండలు తెలిసింది చేపలు పట్టేవాళ్లకు. గుట్ట మీద జంతువుల అలికిడి మేకల కాపరులకు, అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు తెలుస్తుంది. ఊళ్లో జ్వరాలున్నాయా, దగ్గరి దవాఖానలో డాక్టర్ ఉంటారా అన్నది ఆశా కార్యకర్తను అడగాలి. అధికారికంగా దారి మూశారా లేదా అనేది పంచాయతీ కార్యదర్శి గానీ కారోబార్ (పంచాయతీ గుమస్తా) గానీ చెప్పగలరు.

మీరు వెళ్తేనే డబ్బులొచ్చే మనిషి మాటను మాత్రం ఒక్కదాన్నే నమ్ముకోకండి. పార్కింగ్ దగ్గరి కుర్రాళ్లు, ట్రిప్పు మాట్లాడుకునే ఆటోవాళ్లు అబద్ధం చెబుతారని కాదు. 'పోవచ్చు' అన్న జవాబులో వాళ్ల లాభం ఉంటుంది కాబట్టి, అదే సంగతి ఇంకొకరిని విడిగా అడిగి చూసుకోవాలి.

ఎలా అడగాలి? అందరూ 'పోతది పోతది' అనే అంటున్నారు.

తప్పు ప్రశ్నలోనే ఉంది. 'ఈ తోవ పోతదా అన్నా?' అంటే, వచ్చిన మనిషిని కాదనలేక మర్యాదకు 'పోతది' అనేస్తారు. పైగా ఆ రోడ్డు ఎటు పోతుందో అడుగుతున్నారని కూడా అనుకోవచ్చు. జరిగిన సంగతిని అడగండి:

'పొద్దుగాల బస్సు వచ్చిందా?'
'వాగు మీద నీళ్లు ఎంతదాక ఉన్నయి? మోకాళ్ల కిందనా, మీదనా?'
'నిన్న ఇటు కారు పోయిందా, ట్రాక్టరేనా?'
'చీకటి పడ్డంక మీరు ఈ తోవల పోతరా?'

ఆఖరి ప్రశ్న చాలా పనికొస్తుంది. 'పోవచ్చు' అన్నవాళ్లే 'మీరు పోతరా' అనేసరికి ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగడం కూడా మీకు జవాబే.

దూరం అడిగితే 'గిదో, గీడనే' అంటారు. అది ఒక కిలోమీటరు కావచ్చు, ఆరు కావచ్చు. 'బండి మీద ఎంతసేపు పడ్తది, మధ్యల ఎన్ని ఊర్లు తగుల్తయి?' అని అడగండి. ఊళ్ల పేర్లు రాసుకుంటే, ఒక ఊరు తగలకపోతే దారి తప్పామని వెంటనే తెలుస్తుంది.

కారు అద్దం దించి కూర్చున్నచోటి నుంచే కేకేయడం కన్నా దిగి, అన్నా, అక్కా, పెద్దమ్మా, తాతా అని పలకరించి అడిగితే ఓపిగ్గా చెబుతారు. చాయ్ హోటల్ దగ్గరైతే చాయ్ తాగుతూ అడగండి. పక్కనున్నవాళ్లు కల్పించుకొని సరిదిద్దుతారు, వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు. ఒంటరిగా దొరికిన జవాబు కన్నా ఆ వాదనే ఎక్కువ విలువైంది.

ఈ సమాచారం ఎంతసేపటి వరకు పనికొస్తుంది?

ఎండాకాలంలో రోడ్డు గురించి చెప్పిన మాట వారం నిలుస్తుంది. ముసురు పట్టినప్పుడు రెండు మూడు గంటలకు మించి నిలవదు. అందుకే ఒక్కసారి అడిగి ఊరుకోవద్దు. రెండు రోజుల ముందు దిగబోయే ఊళ్లో తెలిసినవాళ్లకు గానీ లాడ్జికి గానీ ఫోన్ చేయండి. ముందురోజు రాత్రి ఆ జిల్లాకు వాతావరణ శాఖ ఇచ్చిన హెచ్చరిక రంగు చూడండి. పసుపు అయితే కనిపెట్టుకొని ఉండాలి. నారింజ అయితే అడవి దారులు, వాగు దారులు మానుకోవాలి. ఎరుపు అయితే ప్రయాణమే మానుకోవాలి. పొద్దున బస్టాండ్‌లో ఒకసారి, పెద్ద రోడ్డు దిగే మలుపు దగ్గర మరోసారి అడగండి. ఆ మలుపు దగ్గర అడగడాన్నే చాలామంది వదిలేస్తారు. వెనక్కి తిరగడం తేలికగా ఉండేది అక్కడి వరకే.

వానకాలంలో ఏ వాగుల గురించి ముందుగా అడగాలి?

ములుగు దాటాక పస్రా దగ్గర గుండ్లవాగు, పస్రా–తాడ్వాయి మధ్య జలగలంచ వాగు, మేడారం దగ్గర జంపన్న వాగు. పరకాల నుంచి భూపాలపల్లి పోయేటప్పుడు మోరంచవాగు. గార్ల వైపు అయితే పాకాల ఏరు. మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు, మున్నేరు.

2023 జులై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచింది. జంపన్న వాగు కొండాయి గ్రామం మీద పడి ప్రాణాలు తీసింది. 2024లో ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది, రైళ్లు ఆగిపోయాయి. వానలన్నీ జులై, ఆగస్టుల్లోనే అనుకోవద్దు. 2025 అక్టోబరు ఆఖరున మోంథా తుపాను వరంగల్, హనుమకొండ కాలనీలను ముంచింది. నగరంలో ఉన్నా హంటర్ రోడ్డు, నయీంనగర్ నాలా పరిసరాలు, వరంగల్ రైల్వే అండర్ బ్రిడ్జి గురించి అడిగి కదలండి.

మీ తల మీద వాన లేకపోయినా వాగు రావచ్చు. పైన గుట్టల్లో పడ్డ వాన కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. పైన గొలుసుకట్టు చెరువులుంటే ఒకటి నిండి మత్తడి దూకి రెండోదాన్ని నింపుతుంది. అందుకే 'వాన పడ్డదా?' అని ఊరుకోకుండా 'పైన చెర్వు మత్తడి పడ్డదా?' అని అడగాలి. ఆ ప్రశ్న వేస్తే ఇక్కడివాళ్లు దారి సంగతంతా చెబుతారు.

గోదావరి ఒడ్డున సంగతి వేరు. మహారాష్ట్రలో వానలు పడితే ప్రాణహిత నిండి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఇక్కడ చుక్క పడకపోయినా నది పెరుగుతుంది. నది నిండితే వాగు నీళ్లు అందులో కలవలేక వెనక్కి తంతాయి. ఏటూరునాగారం దాటి వాజేడు వైపు, టేకులగూడెం దగ్గర రోడ్డు మునిగేది ఎక్కువగా ఇలాగే. వెళ్లే ముందు ఏటూరునాగారం దగ్గర రామన్నగూడెం పుష్కర ఘాట్‌లో నీటిమట్టం ఎంతుందో, పెరుగుతోందా తగ్గుతోందా అని అడగండి. పెరుగుతున్నదంటే అవతలి ఒడ్డుకు వెళ్లకండి, తిరిగి రావడం మీ చేతుల్లో ఉండదు.

వంతెన మీద నీళ్లు పారుతున్నాయి. ఊరివాళ్లు దాటుతున్నారు కదా, మేమూ దాటవచ్చా?

వద్దు.

ఉరుకుతున్న నీళ్లు అరడుగు లోతుంటే చాలు, నడిచే మనిషి కాళ్లు లేచిపోతాయి. అడుగు లోతుకు చిన్న కారు తేలడం మొదలుపెడుతుంది, రెండడుగులకు పెద్ద బండ్లూ కొట్టుకుపోతాయి. కారు తేలిందంటే టైర్లకు నేల పట్టు పోతుంది, స్టీరింగ్ తిప్పినా లాభం లేదు. బైక్ అయితే నీళ్లు లోపలికి పోయి నడుమనే ఆగిపోతుంది. బురద నీటి కింద వంతెన తెగి ఉన్నా పైకి కనిపించదు.

ఊరివాళ్లు దాటుతున్నారంటే వంతెన అంచు ఎక్కడుందో వాళ్లకు కాళ్లతో తెలుసు. ట్రాక్టర్ బరువు వేరు, ఇంజన్ ఎత్తు వేరు. అయినా వాళ్లలోనూ కొట్టుకుపోయినవాళ్లున్నారు. నీటి అంచు దగ్గర ఒక రాయి పెట్టి, పది నిమిషాలు చూడండి. రాయి మునిగితే వాగు పెరుగుతోంది, వెంటనే పైకి వచ్చేయండి. తడి మరక మిగిల్చి నీరు వెనక్కి జరిగితే తగ్గుతోంది, అయినా వంతెన పూర్తిగా తేలేదాకా ఆగండి.

జలపాతాల దగ్గర, గోదావరిలో స్నానం చేయవచ్చా?

అధికారులు గుర్తించిన ఘాట్‌లో, మనుషులు స్నానం చేస్తున్న చోటే దిగండి. గోదావరిలో ఇసుక తీసిన గుంతలు పైకి కనిపించవు. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగులో మునిగిపోతారు. బ్యారేజీలు, కడెం లాంటి ప్రాజెక్టుల దిగువన గేట్లు ఎత్తితే నిమిషాల్లో మట్టం మారుతుంది. సైరన్ వినిపిస్తే బట్టలు, చెప్పుల కోసం చూసుకోకుండా ఒడ్డెక్కండి.

బొగతకు నీళ్లొచ్చే చీకుపల్లి వాగు ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల్లోంచి వస్తుంది. అక్కడ పడిన వాన ఇక్కడ కనిపించదు. నీళ్లు తెల్లగా ఉన్నవి ఎర్రబారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, చప్పుడు పెరగడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా వెంటనే బయటకు రావాలి. కుంటాలలో పాచి పట్టిన బండల మీద జారి చాలామంది పోయారు. కంచె దాటి ఫొటోలకు వెళ్లకండి. వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి 2023 జులైలో వెళ్లినవాళ్లు, వెనక వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం వచ్చి బయటకు తెచ్చింది. జలపాతం దగ్గర ప్రమాదం లేకపోయినా తిరుగు దారిలో ఎన్ని వాగులున్నాయో లెక్కపెట్టుకోవాలి.

అడవిలో నడవాలంటే ఏం తెలుసుకోవాలి?

పులి కన్నా ముందు కరెంటు తీగ గురించి అడగండి. అడవి పందుల కోసం చేన్ల అంచుల్లో, అడవి బాటల్లో కొందరు దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు. అది నేరం. రైతులు, వేటకు ఏ సంబంధం లేనివాళ్లు, డ్యూటీలో ఉన్న పోలీసులు కూడా అవి తగిలి చనిపోయారు. చీకటి పడ్డాక రోడ్డు దిగి చేనుకు అడ్డంగా నడవడం ఏ ఊళ్లోనూ చేయకూడదు.

వాజేడు, వెంకటాపురం మండలాల్లో కర్రెగుట్టల వైపు మందుపాతరలు పెట్టిన చరిత్ర ఉంది. కట్టెల కోసం, వేట కోసం వెళ్లినవాళ్లు, పోలీసులు వాటికి బలయ్యారు. స్థానిక పోలీస్ స్టేషన్‌లో అడగకుండా ఆ గుట్టలెక్కవద్దు. 'మా దోస్తులు పోయొచ్చిన్రు' అన్న మాట ఇక్కడ చెల్లదు.

మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది. దాని కోసం తెల్లవారకముందే ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి, పువ్వు ఏరుకునే ఆడవాళ్లూ అదే వేళకు వస్తారు. వాళ్లు గుంపుగా, మాట్లాడుకుంటూ ఎందుకు పోతారో చూసి మీరూ అలాగే వెళ్లండి. కవ్వాల్ పులుల అభయారణ్యంలో రాత్రి రాకపోకలపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి జన్నారం వైపు చీకటి పడేలోపే చేరేలా చూసుకోండి.

రాత్రిపూట బండి నడపవచ్చా?

తప్పకపోతేనే. వరి కోతల తర్వాత, అంటే నవంబరు–డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్–మేలో మరోసారి, రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు. రాత్రి వాటి మీద నల్ల కవర్లు కప్పి, చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల కవరు హెడ్‌లైట్ వెలుతురులో దగ్గరికి వచ్చేదాకా కనిపించదు, బైకులు వాటినెక్కి పడిపోతాయి. ఆ నెలల్లో బైక్ మీద రాత్రి వెళ్లకపోవడమే మేలు. కాళేశ్వరం, మహదేవ్‌పూర్ దారిలో ఇసుక లారీలు, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు ఉంటాయి. పత్తి, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్ ట్రాలీలకు చాలావాటికి వెనక లైటు ఉండదు.

ఎండాకాలం సంగతి?

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పదకొండు నుంచి నాలుగు దాకా నడక, బైక్ ప్రయాణం పెట్టుకోవద్దు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, సగం నీళ్లలో కలిపితే మేలుకు బదులు కీడు. మనిషి తికమకగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

ఆడవాళ్లం మాత్రమే వెళ్తున్నాం. ఎవరిని అడగాలి?

ఆడవాళ్లనే అడగండి. అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, పొదుపు సంఘం సభ్యులు, బస్సులో పక్కన కూర్చున్న అక్క. 'చీకటి పడ్డంక ఆడోళ్లు ఈ తోవల నడుస్తరా?' 'బెల్టు షాపు ఎటు ఉంది?' అని అడిగితే సాయంత్రం ఏ వీధి మానుకోవాలో తేలిపోతుంది. ఆఖరి బస్సు వేళను ఇద్దరి దగ్గర నిర్ధారించుకొని, దానికి ముందు బస్సుకే బయలుదేరండి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు టికెట్ డబ్బులు ఉండవు కాబట్టి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. ఆటో ఎక్కే ముందు నంబర్ ప్లేట్ ఫొటో తీసి ఇంటికి పంపండి, డ్రైవర్‌కు తెలిసేలాగే పంపండి. 181 మహిళా హెల్ప్‌లైన్. షీ టీమ్స్ ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి.

మేడారం జాతరకు?

రెండేళ్లకోసారి, మాఘ పౌర్ణమి రోజుల్లో జరుగుతుంది. సొంత బండ్లకు పోయే దారి, వచ్చే దారి వేరుగా పెడతారు. పోలీసులు ఆ సంవత్సరం ప్రకటించిన దారిపటం చూసే బయలుదేరండి, పోయినసారి దారి ఈసారి ఉండకపోవచ్చు. పిల్లల చేతి మీద పెన్నుతో ఫోన్ నంబర్ రాసి, జేబులో చీటీ కూడా పెట్టండి. జంపన్న వాగులో నీళ్లకు చెరిగిపోతుంది కాబట్టి స్నానం అయ్యాక మళ్లీ రాయాలి. ఫోన్లు కలవవు అనుకునే, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోండి.

పాము కరిస్తే, జ్వరం వస్తే?

కరిచిన చోట కోయకండి, తాడు బిగించి కట్టకండి, నాటుమందు కోసం తిరగకండి. ఉంగరాలు, కడియాలు, మెట్టెలు తీసేయండి, వాపు వస్తే బిగుసుకుంటాయి. ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి 108 పిలవండి. పామును పట్టుకునే పని పెట్టుకోకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకే మందు. ఆ మందు ఏ దవాఖానలో ఉందో వెళ్లిన రోజే అడిగి పెట్టుకోండి. ఈ ప్రాంతానికంతటికీ పెద్ద దవాఖాన వరంగల్ ఎంజీఎం. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి అంతగా తెలియదు. గూడెంలో ఉంటే మంచం మీద, దోమతెరలో పడుకోండి. దోమతెర మలేరియా నుంచి కూడా కాపాడుతుంది. ఇంటికొచ్చిన నెల లోపు జ్వరం వస్తే, ఏజెన్సీకి (గిరిజనులుండే అటవీ ప్రాంతానికి) వెళ్లొచ్చామని డాక్టర్‌కు చెప్పండి.

కోయ గూడేల్లో, లంబాడా తండాల్లో మాట కలుస్తుందా?

తెలుగు దాదాపు అందరికీ వస్తుంది. ఇంట్లో కోయ, గోర్‌బోలి, ఆదిలాబాద్ వైపు గోండి మాట్లాడతారు. ముందు ఊరి పెద్దను కలిసి ఎందుకొచ్చారో చెప్పండి. అడగకుండా ఫొటోలు తీయకండి, దేవతల గద్దెల దగ్గరికి చెప్పులతో వెళ్లకండి. ఊరివాళ్లకు మీ మీద నమ్మకం కుదిరితేనే 'అటు పోకుండ్రి' అని చెబుతారు.

వాట్సాప్‌లో వచ్చిన వరద వీడియో నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

పాత బొగత వీడియోలు ప్రతి వానకూ మళ్లీ తిరుగుతాయి. వీడియోలో ఊరి పేరు, తేదీ నోటితో చెప్పారా చూడండి. జిల్లా కలెక్టర్, పోలీసుల అధికారిక ఖాతాల్లో, ఆరోజు దినపత్రిక జిల్లా పేజీలో ఉందా చూడండి. 'నిజం కాదు' అని తేలే వరకు మాత్రం నిజమనుకొనే నడుచుకోండి.

ఇంట్లోవాళ్లకు ఏం చెప్పి వెళ్లాలి?

దారిలో వచ్చే ఊళ్ల పేర్లు వరుసగా, బండి నంబరు, రాత్రి దిగే చోటు, అక్కడి ఒకరి ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. మళ్లీ ఫోన్ చేసే వేళ ఒకటి అనుకోండి. సిగ్నల్ లేని చోట ఉంటారు కాబట్టి ఆ వేళకు ఇంకో రెండు గంటలు కలిపి చెప్పండి. అది దాటితే 112కి ఫోన్ చేసి, ఆఖరిసారి ఎక్కడి నుంచి మాట్లాడారో ఆ ఊరి పేరు, మండలం పేరు చెప్పమనండి. 112, 108తో పాటు రైల్వేకు 139, జాతీయ రహదారికి 1033 నంబర్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. వానలో తడిసినా చెరగకుండా దాన్ని ప్లాస్టిక్ కవర్లో ఉంచండి.